ఒకే బల్ల చుట్టూ మూడు తరాలు

 

ఈరోజు నేను మాట్లాడబోయేది చర్చిలో చేతిపని గురించి. చిన్నపిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు అందరూ ఒకచోట కూర్చుని చేసే పని గురించి. చర్చిలో చేతిపని అనగానే చాలామందికి సండే స్కూల్లో అచ్చు బొమ్మకు రంగులు వేయించడమే గుర్తొస్తుంది. పెద్దలు వాక్యం వింటున్నంతసేపూ పిల్లలు అల్లరి చేయకుండా ఉండటానికి అదొక ఉపాయం అనుకుంటారు. నేను చెప్పదలచుకున్నది వేరు. సంఘమంతా కలిసి చేసే చేతిపని కూడా ఆరాధనే. పాట ఎంతో, ప్రార్థన ఎంతో, అదీ అంతే.

మాది హైదరాబాద్‌లోని మాదన్నపేట. గోల్కొండ చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రిగా ఉన్న మాదన్న పేరును ఇప్పటికీ మోస్తున్న పేట ఇది. ఒకవైపు సైదాబాద్, ఒకవైపు యాకుత్‌పురా, ఇంకోవైపు సంతోష్‌నగర్. ఇక్కడి కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల పేటలన్నిటికీ తెలుసు. ఈ పాతబస్తీలో క్రైస్తవులం కొద్దిమందిమే. ఇళ్లు ఇరుకు, కూడుకునే చోట్లు ఇంకా ఇరుకు. పెద్ద పెద్ద చర్చిల్లో ఉన్నట్టు పిల్లలకొక గది, యవ్వనస్తులకొక గది, పెద్దలకొక హాలు ఉండవు. దీన్ని చాలామంది లోటు అంటారు. నా దృష్టిలో ఇది దేవుడిచ్చిన అవకాశం. ఒకే గది ఉంది కాబట్టి అందరం ఆ గదిలోనే ఉండాలి. అందరం ఉన్నప్పుడు అందరికీ పని ఉండాలి.

ఆరాధనలో పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడం మొదటినుంచీ ఉన్న పద్ధతి కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారమంతా కూలిపని చేసే పేద పిల్లల కోసం ఆదివారం బడి పెట్టించాడు. ఆరు రోజులు పనిలో ఉండే పిల్లలకు చదువు చెప్పడానికి ఏడో రోజే దొరికింది. అది గొప్ప పని. లక్షలమందికి అక్షరం నేర్పింది, మన దేశానికీ వచ్చింది. సండే స్కూలు వద్దని నేను అనను. కానీ కాలం గడిచేకొద్దీ పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఒక గదిలో ఉండటం అలవాటైపోయింది. పక్క వరసలో కూర్చునే పెద్దావిడ పేరేమిటో పదేళ్ల పిల్లకు తెలియదు. ఆ పిల్ల ఏం చదువుతోందో ఆ పెద్దావిడకు తెలియదు. ఇద్దరూ ఒకే సంఘం సభ్యులు.

బైబిల్లో దేవుని ఆత్మతో నింపబడ్డాడని చెప్పిన తొలి మనుషుల్లో ఒకడు బెసలేలు. ఆయన రాజు కాడు, ప్రవక్త కాడు. పనివాడు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర, వీటన్నిటితో పనిచేసేవాడు. ప్రత్యక్ష గుడారం కట్టే పని దేవుడు ఆయనకు అప్పగించాడు. అహోలీయాబును తోడుగా ఇచ్చాడు. పని చేసే నేర్పుతోపాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా వాళ్లిద్దరికీ ఇచ్చాడని నిర్గమకాండంలో ఉంది. అక్కడే స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని కూడా ఉంది. నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చదవండి. యెరూషలేము గోడ కట్టినవాళ్లలో కంసాలులున్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లున్నారు, షల్లూము అనే అధికారి తన కూతుళ్లతో సహా వచ్చి కట్టాడు. యెహోషువ యొర్దాను నదిలోంచి పన్నెండు రాళ్లు తెప్పించి నిలబెట్టింది ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే పెద్దలు జవాబు చెప్పడానికి. ముందు చేతికి తగిలే వస్తువు, తరవాత పిల్లల ప్రశ్న, ఆ తరవాత పెద్దల సాక్ష్యం. నేను చెప్పబోయే పనులన్నీ ఈ వరసలోనే నడుస్తాయి.

మన తెలుగు సంఘాలకు ఇది కొత్త కూడా కాదు. మెదక్ చర్చిని చూసినవాళ్లుంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనానికి ఆ కట్టడమే పని చూపించింది, అన్నం పెట్టింది. లోపల రంగు అద్దాల కిటికీలున్నాయి. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. అక్షరం రానివాడు కూడా ఆ కిటికీల ముందు నిలబడి సువార్త తెలుసుకోవచ్చు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో గుమ్మటాలున్నాయి, గుడి మండపాన్ని తలపించే స్తంభాలున్నాయి. మన దేవుణ్ణి మన చేతి నేర్పుతోనే ఆరాధించాలని ఆయన నమ్మకం. తెలుగు పాటకూ తెలుగు పల్లె కళలకూ తన సంఘాల్లో ఆయన చోటిచ్చాడు.

గోదావరి వైపు చూస్తే నర్సాపురం లేసు ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన అల్లిక అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ చరిత్రలో మనం నేర్చుకోవలసిన ఇంకో సంగతి ఉంది. ఆ లేసు అల్లే స్త్రీల గురించి మారియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో పుస్తకం రాసింది. రోజంతా అల్లినా అది తీరిక వేళ పని అనే పేరుతో వాళ్ల చేతికి ఎంత తక్కువ డబ్బు దక్కేదో ఆమె చూపించింది. చర్చిలో చేతిపనిని తలపెట్టే మనం ఇది మనసులో పెట్టుకోవాలి. చేతిపని విలువ తక్కువ పని కాదు. చేసినవాళ్ల పేరు చెప్పాలి, వాళ్లను ముందు కూర్చోబెట్టాలి.

బయటి ప్రపంచంలో కూడా ఈ ఆలోచన ఉంది. 2004లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ దగ్గరి కౌప్లెయిన్ అనే చోట లూసీ మూర్, ఆమె తోటివాళ్లు కలిసి మెస్సీ చర్చ్ అని మొదలుపెట్టారు. కుటుంబాలు కలిసి వస్తాయి. ముందు కాసేపు చేతులతో ఏదో ఒకటి చేస్తారు, తరవాత పాట, కథ, ప్రార్థన, చివర కలిసి భోజనం. ఇప్పుడది ఎన్నో దేశాలకు పాకింది. పిల్లల్ని వదిలి వెళ్లిపోవడం అక్కడ కుదరదు. పెద్దలూ పక్కన కూర్చుని చేయాలి. మనం తీసుకోవలసింది ఆ ఒక్క నియమం. భోజనం సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రేమ విందు లేని పండుగ మన సంఘాల్లో ఏదీ లేదు.

ఇక పనుల్లోకి వద్దాం. సంవత్సరం పొడుగునా చేసుకోదగ్గవి ఐదు చెబుతాను. వీటిలో దేనికీ ఎక్కువ డబ్బు అక్కర్లేదు.

మొదటిది మట్టల ఆదివారం. ఈత మట్టలు, కొబ్బరి మట్టలు పట్టుకుని హోసన్న పాడుతూ తిరుగుతాం. ఆరాధన అయ్యాక ఆ మట్టలు ఓ మూల పడి ఉంటాయి. అలా కాకుండా ముందురోజు సాయంత్రం అందరం కూడుకుందాం. లేత కొబ్బరాకును, తాటాకును అంగుళం వెడల్పు చీలికలుగా చేసి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. అప్పుడు విరగకుండా వంగుతాయి. పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. చాప అల్లినవాళ్లు, తాటాకు విసనకర్ర కట్టినవాళ్లు ఉన్నారు. నగరానికి వచ్చాక ఆ నేర్పును ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం వాళ్లే గురువులు. ఒక్కో పెద్దమనిషి దగ్గర నలుగురేసి పిల్లలు కూర్చుని సిలువ మడవడం నేర్చుకోవాలి. ఆ సిలువను ఇంటికి తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టుకోవాలి. వచ్చే ఏడు లెంటు ముందు ఎండిన సిలువలన్నీ తిరిగి తెచ్చి కాల్చి, ఆ బూడిదనే భస్మ బుధవారానికి వాడే ఆచారం కొన్ని సంఘాల్లో ఉంది. తన చేత్తో మడిచిన ఆకు బూడిదై తన నుదుటి మీదికి వచ్చినప్పుడు, మనిషి మన్ను అన్న మాట పిల్లవాడికి ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

రెండోది కోత పండుగ. పల్లెల్లో పంట చేతికొచ్చాక వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుని సన్నిధిలో పెడతారు. తరవాత వేలంపాట పెట్టి అమ్మి, ఆ డబ్బు సంఘానికి జమ చేస్తారు. నగరంలో పొలాలు లేవు కాబట్టి ఇక్కడ కోత పండుగ కవర్లలో డబ్బులు వేసే రోజుగా మిగిలిపోతోంది. మా మాదన్నపేటలో మాత్రం మార్కెట్ పక్కనే ఉంది. వేకువనే పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లాలి. ఈ టమాటా ఏ ఊరిది, ఈ ఆకుకూర ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు బయల్దేరారు అని పిల్లలే అడగాలి. అమ్మేవాళ్లు విసుక్కోరు, తీరిక చూసి అడిగితే సంతోషంగా చెబుతారు. తెచ్చిన కూరగాయలతో చర్చి మెట్ల ముందు ముగ్గు వేసినట్టు ఒక బొమ్మ పేర్చాలి. వంకాయలతో రాత్రి ఆకాశం, టమాటాలతో సూర్యుడు, పాలకూరతో పొలం. సృష్టి ఏడు రోజుల కథను ఏడు కుటుంబాలు పంచుకుని పేర్చవచ్చు. ప్రార్థనలో ఆ రైతుల ఊళ్ల పేర్లు చెప్పాలి. తరవాత ఒక్క కాయ కూడా వృథా కాకుండా ప్రేమ విందులో వండాలి, మిగిలింది అవసరమున్న ఇళ్లకు పంపాలి.

దీనితోపాటు పిడికెడు బియ్యం కానుక ఉంది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన తీసి దేవునికి ఉంచడం. మిజోరాం సంఘాలు 1910 నుంచి ఇది చేస్తున్నాయి. ఆ పిడికిళ్లతోనే సువార్త సేవను పోషించుకున్నాయి. ఇంట్లో పిల్లలే ఒక మట్టికుండకు సున్నం పూసి, జాజుతో ముగ్గులు వేసి, దానిని వంటింట్లో పెట్టాలి. అమ్మ మరిచిపోతే గుర్తుచేయడం కూడా పిల్లల బాధ్యతే.

మూడోది బొంత. అపొస్తలుల కార్యాల్లో దొర్కా అనే ఆవిడ ఉంది. యొప్పే ఊళ్లో విధవరాళ్లకు బట్టలు కుట్టి ఇచ్చేది. ఆమె చనిపోయినప్పుడు వాళ్లంతా ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలను పేతురుకు చూపించారు. ఆ విధవరాళ్లు ఆమె గురించి మాటలు చెప్పలేదు, బట్టలు చూపించారు. మన ఇళ్లలో పాత చీరలతో బొంత కుట్టడం తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రతి కుటుంబం ఒక పాత చీర ముక్కో, చొక్కా ముక్కో, చనిపోయినవారి పంచె ముక్కో తేవాలి. ముక్క తెచ్చినప్పుడు అది ఎవరిదో ఒక్క మాటలో చెప్పాలి. అది మా నాన్నది, ఆయన ఆదివారం ఈ చొక్కాతోనే వచ్చేవాడు. ఇది నా పెళ్లి చీర అంచు. ఇంతకంటే మంచి సాక్ష్య కూడిక నాకు తెలియదు. పెద్దవాళ్లకు చూపు ఆనదు కాబట్టి సూదిలో దారం ఎక్కించడం పిల్లల పని. ముక్కల్ని రంగుల వరసలో పేర్చడం యవ్వనస్తుల పని. పొడవాటి కుట్లు పురుషులు కూడా వేయవచ్చు. పాతబస్తీలో జరీపని చేసే చేతుల్లో మగవాళ్లవీ ఎన్నో ఉన్నాయి, కాబట్టి కుట్టుపని ఆడవాళ్లదే అనే మాటకు ఇక్కడ చోటు లేదు. పూర్తయిన బొంతను ఒక ఆదివారం బల్ల మీద పరిచి ప్రార్థన చేసి, తరవాత మంచం పట్టిన ఒక పెద్దమనిషికి ఇవ్వాలి. మతం అడగకుండా ఇవ్వాలి.

నాలుగోది కథల పటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డ మీద కథలు గీస్తారు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి ఆరబెడతారు. బొమ్మల వెనక నేపథ్యానికి ఎర్ర రంగు వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఊరి జనానికి కథ చెప్పేవాళ్లు. సువార్త కథను ఇలా ఒక పటంగా చేసుకోవచ్చు. రెండు మీటర్ల గాడా గుడ్డ చాలు. తప్పిపోయిన కుమారుడి కథ తీసుకుంటే, ఇల్లు విడిచి వెళ్లడం ఒక కుటుంబం గీస్తుంది, పందుల దగ్గర కూర్చోవడం ఇంకొకరు, తండ్రి పరుగెత్తుకు రావడం మరొకరు. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు. కానీ ఆ ఇల్లు మన ఇల్లులా ఉండాలి. ఆ తండ్రి తలకు రుమాలు చుట్టుకుని ఉండాలి. ఆ విందులో మన బగారన్నం ఉండాలి. పటం పూర్తయ్యాక దాన్ని విప్పుతూ బుర్రకథ ధోరణిలో చెప్పడానికి ఒక తాత, వంతపాడటానికి ఇద్దరు పిల్లలు కావాలి. చదవడం రానివాళ్లకు కూడా ఈ పనిలో పూర్తి భాగం ఉంటుంది.

ఐదోది ఆగమన కాలం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టరు పేద పిల్లల ఆశ్రమం నడుపుతుండేవాడు. క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఆయన ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడు. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. ఇప్పుడు ప్రపంచమంతా పెట్టే ఆగమన వలయం అక్కడ పుట్టింది. దానికి దేవదారు కొమ్మలే కావాలని లేదు. వెదురు చట్రానికి మామిడాకులు, బంతిపూలు కట్టి, కొవ్వొత్తుల బదులు మట్టి ప్రమిదలు పెట్టుకోవచ్చు.

ఇక నక్షత్రం. బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు దొరుకుతాయి. చేత్తో కట్టింది వేరు. మూడడుగుల వెదురు బద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం చట్రం, మిగతా ఐదింటితో ఇంకొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర దారంతో గట్టిగా కట్టాలి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, రెండు చట్రాల మధ్య ఆరంగుళాల పుల్ల నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. దాని మీద పతంగుల కాగితం మైదా జిగురుతో అంటించాలి. లోపల ఎల్ఈడీ బల్బు పెట్టాలి, దీపం కాని కొవ్వొత్తి కాని పెట్టకూడదు. పాతబస్తీలో సంక్రాంతి పతంగుల కోసం కాగితం, వెదురు ఆ రోజుల్లోనే దుకాణాలకు వస్తాయి. పతంగులు కట్టే కారిగరును ఒక సాయంత్రం పిలిచి బద్ద చీల్చడం, కాగితం బిగువుగా అంటించడం నేర్పమనండి. ఆయన ముస్లిం అయినా హిందువు అయినా ఆయన నేర్పే పని దేవుడిచ్చిందే. ఆయనకు కూలి ఇవ్వండి, కూడా కూర్చోబెట్టుకుని భోజనం పెట్టండి.

ఇప్పుడు పాస్టరుగార్లకు, సండే స్కూలు టీచర్లకు కొన్ని మాటలు. పని కథలోంచి రావాలి. చేసిన వస్తువుకూ చదివిన వాక్యానికీ సంబంధం లేకపోతే అది కాలక్షేపమే. ప్రతి బల్ల దగ్గర కనీసం మూడు వయసులవాళ్లు ఉండాలి. బడిపిల్లలంతా ఒక బల్లకు, స్త్రీల మైత్రి అంతా ఒక బల్లకు చేరితే మళ్లీ మొదటికొస్తాం. వినపడనివారికి, చూపులేనివారికి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఏ పని ఇవ్వాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. బంకమట్టి పిసకడం, గుడ్డ మడవడం, పూలు గుచ్చడం చేతి స్పర్శతో జరిగే పనులు. మెరుపు పొడి, థర్మోకోల్ వద్దు. అవి నాలాలకు చేరతాయి, థర్మోకోల్ అడ్డుపడితే మన పేటే మునుగుతుంది. కత్తెరలు, సూదులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి. బాగా చేసినవాళ్లకు బహుమతులు పెట్టకండి. పోటీ పెట్టిన క్షణం పెద్దలు పిల్లల చేతిలో పని లాక్కుని తామే చేస్తారు.

ఇంకొక మాట జాగ్రత్తగా చెబుతున్నాను. మనం అన్ని మతాలవాళ్లూ కలిసుండే పేటలో ఉన్నాం. రంగులు, కాగితాలు చూసి పక్కింటి పిల్లలు రావచ్చు. వాళ్ల అమ్మానాన్నలకు ముందు చెప్పండి. ఏం చేస్తున్నామో, ఏ కథ చెబుతున్నామో దాచకండి. వాళ్లు సరేనంటేనే కూర్చోబెట్టండి. చేతిపనిని ఎరగా వాడితే ఆ పనికీ అవమానం, ఆ సువార్తకూ అవమానం.

చివరిగా ఒక విన్నపం. ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మీ సంఘంలో అందరికంటే పెద్దావిడ ఎవరో చూడండి. ఈ వారంలో ఒక బడిపిల్లను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లండి. అమ్మా, నీ చేతికి ఏ పని వచ్చు అని అడగండి. ఆమె ఏది చెబితే అదే మీ సంఘంలో మొదటి పని కానివ్వండి. ఆమెను గురువుగా కూర్చోబెట్టి, పిల్లల్ని ఆమె చుట్టూ చేర్చండి. తరవాతి నెల ఇంకొకరిని అడగండి. మన సంఘాల్లో నేర్పు పెద్దవాళ్ల చేతుల్లో ఉంది, ఓపిక పిల్లల చేతుల్లో ఉంది. రెండింటినీ కలపడం మన బాధ్యత. వాళ్లున్నప్పుడే కలపాలి.